ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్‌లో ఫెయిలైతే: హైదరాబాద్ పిల్లలు, అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన మర్నాటి నుంచి నల్లకుంటలో మా గుమ్మం ముందు చెప్పులు పెరుగుతాయి. మ్యాథ్స్ చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. సప్లిమెంటరీ బ్యాచ్ లేని ఎండాకాలం నాకు గుర్తులేదు. ఫస్టియర్ మ్యాథ్స్‌లో వన్ ఏ, వన్ బి అని రెండు పేపర్లు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది వన్ బి పోయినవాళ్లే. వాళ్లు అడిగేవి, వాళ్ల వెంట వచ్చిన పెద్దవాళ్లు అడిగేవి దాదాపు ఏటా ఒకటే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. పిల్లలకు "నువ్వు" అని, పెద్దవాళ్లకు "మీరు" అని చెప్పాను, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టే.

రిజల్ట్ ఇప్పుడే చూసుకున్నాను. ముందు ఏం చేయాలి?

ఇంట్లో ఒకరికి నీ నోటితో నువ్వే చెప్పు. అమ్మకో, అక్కకో, బాబాయికో, నీకు ఎవరి దగ్గర భయం తక్కువో వాళ్లకు. వేరేవాళ్ల ద్వారా తెలిస్తే ఇంట్లో వాళ్లకు రెండు బాధలు: పేపర్ పోయిందన్నది ఒకటి, నువ్వు దాచావన్నది ఇంకొకటి. రెండోదాన్ని నువ్వు తప్పించగలవు.

తర్వాత అన్నం తిను. ఇవాళ పుస్తకం తెరవొద్దు. మార్కుల మెమో మాత్రం డౌన్‌లోడ్ చేసి, ఏ పేపర్లో ఎన్ని వచ్చాయో ఒక కాగితం మీద రాసిపెట్టుకో. రేపటి పనికి అది కావాలి.

ఎన్ని వస్తే పాస్? వన్ ఏ, వన్ బి కలిపి చూస్తారా?

కలపరు. రెండూ వేర్వేరు పేపర్లు. ఒక్కోటి 75 మార్కులకు, పాస్ కావడానికి దేనికది 26 రావాలి. వన్ ఏలో 70 వచ్చినా వన్ బిలో 22 వస్తే వన్ బి పోయినట్టే. ఫిజిక్స్, కెమిస్ట్రీ 60 మార్కుల పేపర్లకు 21 కావాలి.

ఫస్టియర్ ఫెయిలైతే ఏడాది పోయినట్టేనా?

పోదు. సెకండియర్ క్లాసులకు నువ్వు మామూలుగానే వెళ్తావు. పోయిన పేపర్‌ను మే నెలలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. అప్పుడు కుదరకపోతే వచ్చే మార్చిలో సెకండియర్ పేపర్లతో పాటు రాయవచ్చు.

కానీ మార్చి దాకా ఆగొద్దు. మార్చి పరీక్షల్లో ఒక రోజు ఫస్టియర్, మర్నాడు సెకండియర్ పేపర్ పెడతారు. సెకండియర్ పిల్లలకు ఒక పేపర్‌కూ ఇంకో పేపర్‌కూ మధ్య దొరికే ఆ ఒక్కరోజు ఖాళీ నీకు ఉండదు. ఆ రోజు నువ్వు బ్యాక్‌లాగ్ పేపర్ రాస్తూ ఉంటావు. మేలోనే దించేసుకుంటే జూన్ నుంచి మనసు తేలికగా ఉంటుంది.

పేపర్ బాగానే రాశాను. రీకౌంటింగ్ పెట్టాలా?

రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులను మళ్లీ కూడడం, అంతే. ఈమధ్య ఏళ్లలో పేపర్‌కు 100 రూపాయలు తీసుకుంటున్నారు. రీవెరిఫికేషన్ అంటే జవాబులను మళ్లీ చూసి, స్కాన్ చేసిన జవాబుపత్రం కాపీ కూడా ఇవ్వడం. దీనికి పేపర్‌కు 600 రూపాయలు.

20కి పైన వచ్చి ఆగిపోయినవాళ్లందరికీ నేను రీవెరిఫికేషన్ పెట్టమనే చెబుతాను. మార్కులు పెరుగుతాయని ఆశపెట్టి కాదు, జవాబుపత్రం చేతికొస్తుందని. ఎక్కడ పోయిందో కళ్లతో చూసుకోవచ్చు. ఇంట్లో 600 కష్టమైతే మొహమాటపడకు. ఒక పాత ప్రశ్నపత్రం తీసుకుని మూడు గంటలు కూర్చుని రాసి, తెలిసిన సార్ చేత దిద్దించుకున్నా దాదాపు అదే పని జరుగుతుంది.

బోర్డు వైపు తప్పు జరగనే జరగదని నేననను. 2019 ఏప్రిల్‌లో ఫలితాల్లో పెద్ద గందరగోళమే జరిగింది. తెలుగులో 99 రావలసిన అమ్మాయికి సున్నా పడింది. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూడాలని ప్రభుత్వం ఆదేశించాక, వెయ్యి మందికి పైగా పిల్లలు పాసైనట్టు తేలింది. ఆ ఏడాది ప్రాణాలు తీసుకున్న పిల్లలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. మెమోలో అంకె చూసిన వెంటనే అదే ఆఖరి మాట అనుకోవద్దు.

ఒక్క జాగ్రత్త: రీవెరిఫికేషన్ పెట్టాం కదా అని సప్లిమెంటరీ ఫీజు కట్టడం ఆపొద్దు. ఫీజు గడువు సాధారణంగా రిజల్ట్స్ తర్వాత వారం రోజులే ఉంటుంది. రీవెరిఫికేషన్ జవాబు అంతలోపు రాదు. రెండూ చేయండి.

రోజూ చదివాను మేడమ్, అయినా ఫెయిలయ్యాను. నాకు మ్యాథ్స్ బుర్ర లేదా?

ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదువు.

రామ్‌నగర్ నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు. వన్ బిలో 19. గోడకేసి చూస్తూ "మ్యాథ్స్ నాకు అస్సలు అస్తలేదు మేడమ్" అన్నాడు. జవాబుపత్రం కాపీ వచ్చాక ఇద్దరం నేల మీద పరుచుకుని కూర్చున్నాం. రెండు బిందువుల గుండా పోయే రేఖ లెక్క ఒకటి ఉంది. ఒక బిందువు 2, మైనస్ 3. రెండోది మైనస్ 1, 4. వాలు కనుక్కోవాలి. ఫార్ములా సరిగ్గా రాశాడు. పైన 4లోంచి మైనస్ 3 తీసేయాలి, అంటే 7 రావాలి. వాడు 4 మైనస్ 3 అని రాసుకుని 1 వేశాడు. అక్కడి నుంచి కింద రాసిన ప్రతి లైనూ పద్ధతి ప్రకారం కరెక్టే. జవాబు మాత్రం తప్పు. పేజీలు తిప్పుతుంటే అదే తప్పు ఇంకో మూడు చోట్ల కనిపించింది. ఒకచోట మైనస్ 3ని మైనస్ 4తో గుణించి మైనస్ 12 వేశాడు.

పెన్సిల్‌తో లెక్కపెట్టాం. ఒక్క గుర్తుల తప్పుల వల్లే 11 మార్కులు పోయాయి. 19కి 11 కలిపితే 30. వాడికి స్ట్రెయిట్ లైన్స్ వచ్చు, లోకస్ వచ్చు. రానిది ఎనిమిదో తరగతిలోని గుర్తుల లెక్క. ఎనిమిదో తరగతిలో ఎవరూ ఆగి సరిచేయలేదు. టెన్త్‌లో పాసైపోయాడు. ఇంటర్‌కొచ్చేసరికి లెక్కలు పొడుగయ్యాయి, ఒక్క గుర్తు తప్పితే పేజీ మొత్తం పోతోంది.

ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామందిది ఇదే కథ. పేపర్ పోయేది ఇంటర్‌లోనే అయినా తప్పు మొదలయ్యేది ఇంటర్‌లో కాదు. కొందరికి భిన్నాలు, కొందరికి కారణాంకాలు, మరికొందరికి టెన్త్ ట్రిగనామెట్రీ పట్టిక. డిఫరెన్సియేషన్ రాదని వచ్చిన అమ్మాయికి తీరా చూస్తే ఘాతాంకాల నియమాలు రావు. డిఫరెన్సియేషన్ ఫార్ములా అడిగితే టక్కున చెప్పేది, జవాబును సూక్ష్మీకరించడం దగ్గర ఆగిపోయేది.

కాబట్టి బుర్ర గురించి అడగడం మానేసి, నీ జవాబుపత్రంలో ఏ లైను దగ్గర తప్పావో వెతుకు. తప్పిన ప్రతిచోటా పక్కన ఒక మాట రాసుకో: గుర్తు, భిన్నం, ఫార్ములా మర్చిపోయాను, ప్రశ్న అర్థం కాలేదు, టైం చాలలేదు. ఇరవై తప్పులు రాశాక చూస్తే రెండు మూడు మాటలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ముందు సరిచేసుకోవాల్సింది వాటినే.

నెల రోజుల్లో వన్ బి మొత్తం అవుతుందా?

2024లో ఫలితాలు ఏప్రిల్ 24న వచ్చాయి, సప్లిమెంటరీ మే 24న మొదలైంది. 2025లో ఏప్రిల్ 22న వచ్చాయి, మే 22న మొదలైంది. రెండేళ్లూ సరిగ్గా ముప్ఫై రోజులే ఇచ్చారు. అంతకంటే ఎక్కువ దొరుకుతుందనుకోకుండా మొదలుపెట్టు.

మొదటి వారం ఇంటర్ పుస్తకం ముట్టుకోవద్దు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల లెక్కలు చెయ్యి. గుర్తులు, భిన్నాలు, కారణాంకాలు, వర్గ సమీకరణాలు, ట్రిగనామెట్రీ విలువలు. రోజుకు నలభై చిన్న లెక్కలు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ల పుస్తకాలే తీసుకో. సిగ్గుపడాల్సిన పని లేదు, ఈ వారం దాటినవాళ్లు మిగతా మూడు వారాల్లో ఎంత వేగంగా పోతారో నేను చూస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత పేపర్ తీరు చూడు. ఏళ్లుగా ఉన్న పద్ధతిలో 2 మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. 4 మార్కులవి ఏడు ఇస్తారు, ఐదు రాయాలి, 7 మార్కులవి కూడా ఏడిట్లో ఐదు. లోకస్ నుంచి ఒక 4, ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ యాక్సీస్ నుంచి ఒక 4 వస్తాయి. డైరెక్షన్ కొసైన్స్ నుంచి ఒక 7, పెయిర్ ఆఫ్ స్ట్రెయిట్ లైన్స్ నుంచి రెండు 7 మార్కుల ప్రశ్నలు వస్తాయి. త్రీ డీ కోఆర్డినేట్స్, ప్లేన్ నుంచి చెరొక 2. ఇవన్నీ కూడి చూడు, 33. కావలసింది 26. ఈ ఆరు చాప్టర్లూ పెద్దవి కావు, లెక్కల రకాలు కూడా తక్కువ. నీ ఏడాది మోడల్ పేపర్‌లో ఏమైనా మార్చారేమో కాలేజీలో అడిగి సరిచూసుకుని, రెండో వారం, మూడో వారం వీటికే ఇవ్వు.

అయితే 33కే సిద్ధమై వెళ్తే పరీక్ష హాల్లో ఒకటి రెండు తప్పినా గీత దగ్గరికి వచ్చేస్తావు. అందుకే నాలుగో వారంలో లిమిట్స్, డిఫరెన్సియేషన్‌లో 2 మార్కులవి, ఫస్ట్ ప్రిన్సిపుల్ నుంచి చేసే 4 మార్కుల లెక్క కలుపుకో. మ్యాక్సిమా మినిమా చివర్లో టైం మిగిలితే చూద్దువు గానీ.

చదవడం అంటే చూడటం కాదు, రాయడం. గైడ్‌లో జవాబు చూస్తే ప్రతి లెక్కా అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద మొదటి నుంచి చివరిదాకా రాయగలిగితేనే వచ్చినట్టు. ఈ నెలలో కనీసం నాలుగు పూర్తి పేపర్లు, గడియారం ముందు పెట్టుకుని మూడు గంటలు రాయి. పరీక్ష ఏ పూట ఉంటే ఆ పూటే రాయి. ఈమధ్య సప్లిమెంటరీలో ఫస్టియర్‌కు పొద్దున 9 నుంచి 12 దాకా ఉంటోంది.

ఇంట్లో చదువుకోవడం కుదరట్లేదు. ఎక్కడికి వెళ్లాలి?

మే నెల ఎండలు, రెండు గదుల ఇల్లు, టీవీ, చుట్టాలు. నిజమే, కష్టం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది, గ్రూప్స్‌కు చదివేవాళ్లతో నిండిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఇంకో దారి. 1891లో ఆసఫియా పేరుతో మొదలైన గ్రంథాలయం అది, పాత కట్టడం, ఎత్తైన కప్పు. అక్కడ నీకంటే పదేళ్లు పెద్దవాళ్లు తలొంచుకుని చదువుతూ కనిపిస్తారు. అది చూస్తే ఒక్క పేపర్ పోయినందుకు అందరూ నన్నే చూస్తున్నారన్న భావం కొంచెం తగ్గుతుందని మా పిల్లలే చెప్పారు.

పుస్తకాలకు తెలుగు అకాడమీ టెక్స్ట్ బుక్కే ముందు. పాతవి కోఠిలో, ఆదివారం అయితే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద వెతికితే దొరుకుతాయి. టీ-సాట్ విద్య ఛానల్లో ఇంటర్ పాఠాలు ఉచితంగా వస్తాయి.

ట్యూషన్ పెట్టించాల్సిందేనా?

ట్యూషన్ చెప్పే నేనే అంటున్నాను, అందరికీ అక్కర్లేదు. తప్పు చేసిన లైను చూపించి "ఇక్కడ ఎందుకు తప్పింది" అని అడగడానికి ఒక మనిషి ఉంటే చాలు. కాలేజీ లెక్చరర్ కావచ్చు, ఇంజినీరింగ్ చదివే అపార్ట్‌మెంట్ అన్న కావచ్చు. వందమంది కూర్చునే క్రాష్ కోర్సులో మీ పిల్లవాడి నోటుబుక్కు ఎవరూ చూడరు. అలాంటి చోట డబ్బు కట్టే ముందు ఒక్కటే అడగండి: నోటుబుక్కు దిద్దుతారా?

ఫెయిలైనందుకు సెక్షన్ మార్చారు. అందరి ముందూ అన్నారు. కాలేజీకి వెళ్లబుద్ధి కావట్లేదు.

నిన్ను అందరి ముందూ నిలబెట్టి అనడం తప్పు. అది క్రమశిక్షణ కాదు. నీ బాధ న్యాయమైనదే. అమ్మనో నాన్ననో తీసుకెళ్లి ప్రిన్సిపాల్‌తో కూర్చుని, గొడవ లేకుండా, గట్టిగా చెప్పించు.

సెక్షన్ సంగతి వేరు. ర్యాంకుల సెక్షన్‌లో రోజుకో టెస్టు పెట్టి పరిగెత్తిస్తుంటే వెనకబడిన లెక్కను ఆగి చూసుకునే వీలుండదు. నెమ్మదిగా చెప్పే సెక్షన్‌లో పడి బాగుపడినవాళ్లు నాకు చాలామంది తెలుసు. నీ స్నేహితులు అక్కడ, నువ్వు ఇక్కడ అన్నదే అసలు బాధ అయితే, సాయంత్రం బస్టాప్‌లో వాళ్లు నీతో మాట్లాడటం మానరు కదా.

మా అబ్బాయి ఫెయిలయ్యాడు. మేం ఏం అనాలి, ఏం అనకూడదు?

"లక్షలు పోశాం" అనకండి. ఫీజు ఎంతో వాడికి తెలుసు, రాత్రి వాడికి నిద్ర పట్టకపోవడానికి సగం కారణం అదే. "పక్కింటి అమ్మాయిని చూడు" అనకండి. "పరువు పోయింది" అసలే వద్దు.

మొదటి రెండు రోజులు మాట తక్కువగా ఉంచి, దగ్గరగా ఉండండి. మూడో రోజు పక్కన కూర్చుని "పేపర్ చూద్దామా?" అని అడగండి. మీకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. ఆటో నడిపే ఒక నాన్న ప్రతి రాత్రి కూతురి పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని, ఆమె చేసే లెక్కలకు టైం చూసేవారు. "నాకేం తెలుస్తది మేడమ్, గడియారమైతే తెలుస్తది కదా" అన్నారు. ఆ అమ్మాయి 51 తెచ్చుకుంది.

చుట్టాల ఫోన్లు మీరే ఎత్తండి. "మేలో రాస్తున్నాడు, ఇప్పుడు చదువుకుంటున్నాడు" అని రెండు ముక్కల్లో ముగించండి. పిల్లవాడి చేతికి ఫోన్ ఇచ్చి "మామయ్యతో మాట్లాడు" అనడం వాడికి శిక్ష.

సెల్‌ఫోన్ లాగేసుకోవాలా?

లాక్కోకండి. చదివే గంటల్లో వేరే గదిలో పెట్టేలా ఒప్పించండి, మీ ఫోన్ కూడా అక్కడే పెట్టండి. పూర్తిగా తీసేస్తే స్నేహితులతో మాట కూడా తెగిపోతుంది. ఈ సమయంలో అది మంచిది కాదు.

బతకాలని లేదు మేడమ్. ఎవరికీ మొహం చూపించలేను.

నాన్నా, చదువుతున్నది నువ్వే అయితే, పేజీ ఇక్కడే ఆపి 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వానిది, రోజంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. నీకు పద్దెనిమిది లోపే కాబట్టి 1098కి కూడా చేయవచ్చు. ఫోన్ చేయబుద్ధి కాకపోతే ఇప్పుడే పక్క గదిలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి "నాకు భయంగా ఉంది, నన్ను ఒంటరిగా వదలొద్దు" అని చెప్పు. ఆ ఒక్క మాట చాలు, కారణాలు తర్వాత చెప్పుకోవచ్చు.

పెద్దవాళ్లకు: పిల్లలు అన్నం మానేసినా, వస్తువులు పంచిపెడుతున్నా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట అన్నా బెదిరింపుగా తీసుకోకండి. నిజమని నమ్మండి. నేరుగా "చనిపోవాలనిపిస్తోందా?" అని అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడొద్దు, అడిగితేనే వాళ్లు నోరు విప్పుతారు. ఆ రాత్రి పక్కనే పడుకోండి, మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పరీక్ష విషయం ఆ తర్వాత చూసుకోవచ్చు.

సప్లీలో పాసైతే ఎప్‌సెట్, జేఈఈకి పనికొస్తుందా?

పనికొస్తుంది. తెలంగాణ ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీని 2023లోనే తీసేశారు. ఇంటర్ పాసై, గ్రూప్ సబ్జెక్టుల్లో కలిపి 45 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40. జేఈఈతో ఎన్‌ఐటీలో చేరాలంటే మాత్రం ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) ఉండాలి, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. అది మనసులో ఉంటే సప్లిమెంటరీలో 26తో సరిపెట్టుకోకు.

ఎంపీసీ వదిలేసి సీఈసీకి మారిపోనా?

ఏప్రిల్‌లో ఈ నిర్ణయం తీసుకోవద్దు. మారితే కొత్త సబ్జెక్టుల ఫస్టియర్ పేపర్లన్నీ రాయాల్సి వస్తుంది. సప్లిమెంటరీ అయ్యాక, గుర్తులూ భిన్నాలూ సరిచేసుకున్నాక కూడా మ్యాథ్స్ పుస్తకం చూస్తే ఏవగింపుగా ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. నిజంగా ఇష్టం లేక, ఇంట్లో వాళ్ల కోసం ఎంపీసీ తీసుకున్న పిల్లలు ఉన్నారు. వాళ్లను మారనివ్వమని తల్లిదండ్రులకు నేనే నచ్చజెప్పాను. కామర్స్‌లో చేరి ఇప్పుడు హాయిగా సీఏ చదువుతున్న అమ్మాయి ఒకరు మొన్న బోనాలకు ఇంటికొచ్చి వెళ్లింది.

పరీక్ష రోజు గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటి?

ఎనిమిదిన్నరకల్లా సెంటర్ దగ్గర ఉండు. ముందు రోజే ఒకసారి వెళ్లి దారి చూసుకో, మే నెలలో బస్సు కోసం నిలబడి ఎండకు నీరసపడొద్దు. నీకు బాగా వచ్చిన 7 మార్కుల లెక్కతో మొదలుపెట్టు, చెయ్యి కుదురుకుంటుంది. రాని లెక్కకు కూడా ఫార్ములా రాసి, విలువలు పెట్టి, వచ్చినంత దూరం వెళ్లు. స్టెప్‌కు మార్కులుంటాయి, ఖాళీ కాగితానికి ఉండవు. చివరి ఇరవై నిమిషాలు కొత్త లెక్క ఎత్తుకోకుండా రాసిన ప్రతి లెక్కలో మైనస్ గుర్తులు మాత్రమే చూసుకో.

రామ్‌నగర్ అబ్బాయి ఈ మైనస్ మాట హాల్ టికెట్ వెనకాల పెన్నుతో రాసుకోవచ్చా అని అడిగాడు. హాల్ టికెట్ మీద ఏమీ రాయకూడదన్నాను. లోపలికి వెళ్లేదాకా అరచేతిలో వేలితో మైనస్ గీత గీసుకుంటూనే ఉన్నాడు. వన్ బిలో 43 వచ్చాయి.